జగదీశ్ చంద్ర బోస్ బొమ్మ కింద ఏమని రాయాలి?

బడిగంట (చర్చ ప్రారంభం)

అందరికీ నమస్కారం. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. నవంబరు 30 జగదీశ్ చంద్ర బోస్ పుట్టినరోజు. ఆ రోజు పదో తరగతి పిల్లలతో చిన్న ప్రదర్శన పెట్టిస్తున్నాను. ఒక అమ్మాయి ఆయన బొమ్మను వారం రోజులు కూర్చుని గీసింది. గుండ్రటి కళ్లద్దాలు, మీసం, ముందు బల్ల మీద ఆ చిన్న పరికరం అన్నీ చక్కగా కుదిరాయి. ఇక బొమ్మ కింద ఒక్క వాక్యం రాయాలి. పిల్లలు ఫోన్లలో చూసి వచ్చి, "రేడియోను కనిపెట్టింది బోస్, దొంగిలించింది మార్కోనీ" అని రాద్దామంటున్నారు.

నాకు మనసొప్పడం లేదు. అలాగని ఆయన గొప్పతనాన్ని తగ్గించి రాయడం కూడా ఇష్టం లేదు. ఈ పిల్లలు రేపు ఇంజనీరింగు కాలేజీకి వెళ్లాక కూడా గోడ మీద తాము రాసిన మాట నిజమేనని అనుకోవాలి. తెలిసినవారు చెప్పండి.

తూర్పుగాలి

పిల్లలు రాద్దామన్నదే రాయించండి మేడమ్. 1895లో కలకత్తా టౌన్‌హాల్‌లో, లెఫ్టినెంట్ గవర్నరు ఎదుట, బోస్ తీగ లేకుండా తరంగాలు పంపి, గోడల అవతల 75 అడుగుల దూరంలో గంట మోగించాడు, మందుగుండు పేల్చాడు. మార్కోనీ లండనులో పేటెంటుకు దరఖాస్తు చేసింది 1896 జూన్‌లో. ఏది ముందో ఎవరైనా చెప్పగలరు.

అదీ ఎలాంటి పరిస్థితుల్లో చేశాడో పిల్లలకు చెప్పండి. 1885లో ప్రెసిడెన్సీ కాలేజీలో చేరినప్పుడు తోటి ఆంగ్లేయులకిచ్చే జీతంలో మూడో వంతు ఇస్తామన్నారు. పాఠం చెప్పడం మానలేదు, కానీ మూడేళ్లపాటు ఒక్క పైసా ముట్టలేదు. చివరికి వాళ్లే దిగివచ్చి పాత బకాయితో సహా పూర్తి జీతం ఇచ్చారు. ప్రయోగశాల లేదు. 24 చదరపు అడుగుల గది, ఒక తగరపు పనివాడు, సొంత డబ్బు. అంతే. ఇంత చేసిన మనిషికి మన పుస్తకాల్లో ఒక్క పేరా కూడా దక్కకపోతే బాధ ఉండదా?

పాతపత్రికలు

తూర్పుగాలి గారి బాధ నాదీ. నేను ఖరగ్‌పూర్‌లో ఉంటాను. కలకత్తా వెళ్లినప్పుడల్లా బోస్ సంస్థ మ్యూజియంలో ఆ పరికరాల ముందు నిలబడి వస్తాను. అయినా ఆ వాక్యం రాయవద్దనే అంటాను.

వరుస చూడండి. విద్యుదయస్కాంత తరంగాలున్నాయని లెక్క కట్టి చెప్పింది మాక్స్‌వెల్. 1888 నాటికి ప్రయోగంలో చూపింది హెర్ట్‌జ్. వాటిని పసిగట్టే ఇనుప రజను గొట్టం 1890లో బ్రాన్లీది. 1894లో లాడ్జ్ లండనులో హెర్ట్‌జ్ పని మీద ఇచ్చిన ఉపన్యాసం అచ్చయి కలకత్తా చేరింది. బోస్‌ను ఈ దారి పట్టించింది అదే. 1895 మే నెలలో రష్యాలో పొపోవ్ కూడా తన పరికరాన్ని చూపాడు. వీళ్లలో ఏ ఒక్కరినో పట్టుకుని రేడియో మొత్తం ఈయనదే అంటే మిగిలినవారికి అన్యాయం చేసినట్టే.

బోస్ టౌన్‌హాల్‌లో చేసింది సందేశం పంపడం కాదు. ఈ తరంగాలు గోడలను దాటి వెళ్లి అవతల ఒక పని చేయించగలవని జనం కళ్ల ముందు చూపించాడు. దూరాలకు వార్తలు పంపే వ్యవస్థ కట్టాలన్న పట్టుదల మార్కోనీది. 1897 మార్చిలో ఒక అమెరికన్ పత్రిక ఇద్దరినీ లండనులో కలిసి, ఇద్దరి మాటలనూ ఒకే వ్యాసంలో వేసింది. అది చదివితే ఇద్దరి దారులు వేరని తెలుస్తుంది.

మిల్లీమీటరు

వృత్తిరీత్యా నేను రోజంతా ఈ తరంగాలతోనే ఉంటాను. హైదరాబాదులో ఫోన్లకు, కార్లకు వాడే రేడియో చిప్పుల పని మాది. అందుకే బోస్ పేరు వస్తే "గంట మోగించాడు" దగ్గర ఆగిపోవడం నాకు కష్టంగా ఉంటుంది. ఆయన అసలు పని ఆ గంట కంటే ఎంతో పెద్దది.

హెర్ట్‌జ్ ప్రయోగాల్లో అతి చిన్న తరంగం పొడవు 66 సెంటీమీటర్లు. అంత పొడవు తరంగం వెలుగులాగే వంగుతుందా, విరుగుతుందా అని చూడాలంటే గదంత సామాను కావాలి. హెర్ట్‌జ్ తారుతో పోతపోసిన పట్టకం మనిషెత్తు ఉండేది. బోస్ ఆలోచన వేరు. పరికరాన్ని పెంచడం ఎందుకు, తరంగాన్నే కుదిద్దాం అనుకున్నాడు. 25 మిల్లీమీటర్ల నుంచి 5 మిల్లీమీటర్ల దాకా తగ్గించాడు. 5 మిల్లీమీటర్లంటే సెకనుకు 6,000 కోట్ల కంపనాలు, అంటే 60 గిగాహెర్ట్‌జ్. ఆ సంవత్సరాల్లో అంత చిన్న తరంగాలతో పనిచేసినవాళ్లు ప్రపంచంలో చాలా కొద్దిమంది.

తరంగం చిన్నదయ్యేసరికి ప్రయోగశాల మొత్తం ఒక పెట్టెలో పట్టింది. దాన్ని ఓడలో తీసుకువెళ్లి, 1897 జనవరి 29న లండను రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ప్రదర్శించాడు. అందులో ఏమున్నాయో వినండి. తరంగాన్ని గొట్టంలో నడిపించే ఏర్పాటు ఉంది. ఈ రోజు వేవ్‌గైడ్ అంటున్నది అదే. తరంగాన్ని పోగుచేసే నలుపలకల గరాటు ఉంది. ఇప్పుడు ప్రతి మైక్రోవేవ్ ప్రయోగశాలలో ఉండే హార్న్ యాంటెన్నాకు అది తాత. గంధకంతో చేసిన పట్టకాలు, కటకాలు ఉన్నాయి. రెండు గాజు పట్టకాలను ఎదురెదురుగా పెట్టి, మధ్యలో సన్నని గాలి సందు వదిలి, ఆ సందును పెంచుతూ తగ్గిస్తూ ఎంత తరంగం అవతలికి దూకుతుందో కొలిచిన ప్రయోగమూ ఆయనదే. వంద సంవత్సరాల తరువాత అమెరికాలో ఒక రేడియో టెలిస్కోపు గ్రాహకంలో అదే ఉపాయాన్ని మళ్లీ వాడారు.

నాకు అన్నింటికంటే ఇష్టమైనది ఆయన వాడిన ఒక పుస్తకం. బ్రాడ్‌షా రైల్వే టైంటేబుల్. పేజీల మధ్య తగరపు రేకులు దూర్చి దాన్ని ధ్రువణకారిగా, అంటే ఒక దిశలో కంపించే తరంగాన్నే వదిలే జల్లెడగా, వాడాడు. రైళ్ల వేళల పుస్తకం ఒకవైపు తిప్పితే తరంగాన్ని వదులుతుంది, ఇంకోవైపు తిప్పితే ఆపేస్తుంది. బెంగాలులో దొరికే జనపనారనూ వదలలేదు. నారను మెలిపెట్టి తరంగం దారిలో ఉంచితే, పంచదార నీళ్లు వెలుగును తిప్పినట్టు అది ఈ తరంగాల దిశను తిప్పింది. కుడికి మెలిపెడితే ఒకవైపు, ఎడమకు మెలిపెడితే మరోవైపు.

మేడమ్, కార్లలో ఎదుటి బండి దూరం కొలిచే రాడారు 77 గిగాహెర్ట్‌జ్ దగ్గర పనిచేస్తుంది. తరంగం పొడవు 4 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. మన దేశంలో 2022లో 5జీ కోసం వేలం వేసిన వాటిలో 26 గిగాహెర్ట్‌జ్ పట్టీ ఉంది. అది బోస్ పనిచేసిన ఇలాకాలోనిదే. పిల్లలకు ఇది చెప్పండి.

చెరువుగట్టు మాస్టారు

మిల్లీమీటరు గారు టైంటేబుల్ సంగతి ఎత్తారు కాబట్టి నా అనుభవం చెబుతాను. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరయ్యాను. ఒక సంవత్సరం విద్యార్థులతో ఈ ప్రయోగాన్ని చేయించాను. మా ప్రయోగశాలలో ఉన్నది 3 సెంటీమీటర్ల తరంగం. దానికి తగిన పుస్తకం కావాలని, దినపత్రికలూ పాత పుస్తకాలూ కొనే దుకాణం నుంచి లావుపాటి టెలిఫోన్ డైరెక్టరీ తెచ్చాము. వంటింట్లో రొట్టెలు చుట్టే అల్యూమినియం రేకును పేజీ సైజుకు కత్తిరించి, 20 కాగితాలకు ఒకటి చొప్పున దూర్చాము.

రెండు హార్న్‌ల మధ్య ఆ పుస్తకాన్ని నిలబెట్టాము. తరంగం పేజీల అంచు నుంచి లోపలికి వెళ్లి, కుట్టు వైపు నుంచి బయటికి రావాలి. మీటరు ముల్లు సున్నా దగ్గరే ఉంది. ఒక కుర్రవాడు పుస్తకాన్ని బల్ల మీద పడుకోబెట్టాడు. ముల్లు చటుక్కున లేచింది. మళ్లీ నిలబెట్టాడు, పడిపోయింది. మూడోసారికి బెంచీల మీద ఉన్నవాళ్లందరూ లేచి వచ్చేశారు. తరంగంలోని విద్యుత్ క్షేత్రం రేకులకు సమాంతరంగా ఉంటే రేకుల మధ్య ఇరుకులో ముందుకు సాగలేదు, లంబంగా ఉంటే దూరిపోతుంది. ఈ ముక్క నేను ముప్పై ఏళ్లు బోర్డు మీద రాశాను. ఆ రోజు పుస్తకాన్ని తిప్పిన కుర్రవాడు నాకంటే బాగా చెప్పాడు.

అమ్మా, మీకు దగ్గరలో ఇంజనీరింగు కాలేజీ ఉంటే హార్న్‌లు, మీటరు ఉన్న ఆ మైక్రోవేవ్ సామానును ఒక పూట అడిగి తెచ్చుకోండి. వాక్యం కంటే అది ఎక్కువ గుర్తుంటుంది.

తూర్పుగాలి

ఇవన్నీ ఒప్పుకుంటాను, నాకు కొత్త సంగతులు కూడా తెలిశాయి. కానీ ఒక్కదానికి జవాబు చెప్పండి. 1901లో అట్లాంటిక్ దాటి వచ్చిన సంకేతాన్ని మార్కోనీ విన్నది బోస్ పరికరంతోనే కదా?

మంచుతీరం

నేను ఉండేది కెనడాలో, న్యూఫౌండ్‌లాండ్‌లోని సెయింట్ జాన్స్‌లో. మార్కోనీ ఆ సంకేతాన్ని విన్న సిగ్నల్ హిల్ కొండ మా ఇంటికి నడిచిపోయేంత దూరం. మా ఊరు కాకినాడ. మా నాన్నగారు వచ్చినప్పుడు మొదట చూపించమన్నది ఆ కొండనే.

డిసెంబరులో అక్కడ నిలబడితే కానీ ఆ రోజు ఏం జరిగిందో అర్థం కాదు. గాలి మనిషిని పక్కకు తోసేస్తుంది. 1901 డిసెంబరు 12న మార్కోనీ మనుషులు ఆ గాలిలోనే గాలిపటం ఎగరేసి, దాని తీగనే యాంటెన్నాగా వాడారు. ముందు తెచ్చిన బెలూను గాలికి తెగి పోయింది. అటువైపు ఇంగ్లండులోని పోల్డూ నుంచి మోర్సు సంకేతంలో ఎస్ అక్షరం, అంటే మూడు చుక్కలు, పంపుతున్నారు. మధ్యలో దాదాపు 3,400 కిలోమీటర్ల సముద్రం. గాలిపటం పైకీ కిందికీ ఊగుతుంటే మామూలు గ్రాహకం నిలకడగా పనిచేయలేదు. అప్పుడు మార్కోనీ పాదరసం ఉన్న ఒక పసిగట్టే గొట్టాన్ని టెలిఫోనుకు కలిపి చెవికి ఆనించుకున్నాడు. మూడు టిక్కులు వినబడ్డాయని చెప్పాడు. పక్కనున్న సహాయకుడు కెంప్‌కు కూడా ఇచ్చి వినమన్నాడు.

ఆ గొట్టం ఎవరిది అన్నదే తూర్పుగాలి గారి ప్రశ్న. పాతపత్రికలు గారు చెబితే బాగుంటుంది.

పాతపత్రికలు

చెబుతాను. ఆ గొట్టాన్ని మార్కోనీకి ఇచ్చింది ఇటలీ నౌకాదళానికి చెందిన ఆయన మిత్రుడు సొలారి. అందుకే దానికి ఇటాలియన్ నేవీ కొహెరర్ (కొహెరర్ అంటే పసిగట్టే గొట్టమే) అనే పేరు వచ్చింది. ఇటలీవాళ్లలోనే దాన్ని చేసింది తమ నౌకాదళంలో పనిచేసిన కాస్టెల్లి అని వాదన లేచింది. ఇంతమంది దావా వేసిన ఆ పరికరం సూత్రం 1899 ఏప్రిల్‌లో లండను రాయల్ సొసైటీ ముందు చదివిన బోస్ పత్రంలో ఉంది. ఇనుముకూ పాదరసానికీ మధ్య స్పర్శ, టెలిఫోనులో వినడం, తట్టకుండానే మళ్లీ సిద్ధమైపోవడం, మూడూ అందులో ఉన్నాయి. 1998లో ప్రొబీర్ బంద్యోపాధ్యాయ్ ఒక పెద్ద ఇంజనీర్ల సంస్థ పత్రికలో పాత దస్తావేజులన్నీ ముందు పెట్టి ఈ సంగతి నిరూపిస్తూ రాశారు.

అంటే తూర్పుగాలి గారి కోపంలో న్యాయం ఉంది. అచ్చయిన పత్రానికి దక్కాల్సిన పేరు దక్కలేదు. అయినా "రేడియోను దొంగిలించాడు" అనడానికీ, "ఆ రోజు వాడిన పసిగట్టే గొట్టం సూత్రాన్ని ముందుగా ప్రకటించింది బోస్, ఆయన పేరు చెప్పలేదు" అనడానికీ చాలా తేడా ఉంది. రెండోది గట్టి మాట. ఎవరూ కాదనలేరు.

పాతరేడియో

తట్టకుండా అన్నారే, అందులోనే ఉంది కిటుకు అంతా. నేను తెనాలిలో నలభై ఏళ్లుగా రేడియోలు బాగుచేస్తున్నాను. బ్రాన్లీ గొట్టంలో ఇనుప రజను ఉండేది. తరంగం తగలగానే రజను కలిసిపోయి కరెంటు పారుతుంది. కానీ అలాగే అతుక్కుని ఉండిపోతుంది. రెండో చుక్క వినాలంటే చిన్న సుత్తితో గొట్టాన్ని తట్టి రజను విడదీయాలి. చుక్కకో తట్టు. బోస్ పరికరానికి తట్టే అవసరమే లేదు. తరంగం పోగానే తనంతట తాను కుదుటపడుతుంది. అందుకే చెవితో వినడం సాధ్యమైంది.

అయితే నా వరకు బోస్ అంటే పాదరసం కాదు, గెలీనా. సీసపు ముడిరాయి. దాని మీద లోహపు మొన ఆనించి తరంగాలను పసిగట్టే పరికరానికి ఆయన 1901 సెప్టెంబరులో అమెరికాలో దరఖాస్తు చేశారు. 1904 మార్చి 29న పేటెంటు వచ్చింది, సంఖ్య 755840. అర్ధవాహకంతో (సెమీకండక్టరుతో) చేసిన పరికరానికి వచ్చిన తొలి పేటెంట్లలో అదొకటి. డయోడు, ట్రాన్సిస్టరు, ఈ ఫోను, అన్నీ ఆ వంశమే. ట్రాన్సిస్టరును తయారుచేసిన ముగ్గురిలో ఒకరైన బ్రాటెయిన్ కూడా, రేడియో తరంగాలను పట్టడానికి అర్ధవాహక స్ఫటికాన్ని వాడిన ఘనత బోస్‌కే ఇచ్చారు.

మా తాతగారి దగ్గర క్రిస్టల్ సెట్టు ఉండేది. గెలీనా ముక్క పల్లేరుకాయంత ఉంటుంది, విరిచిన చోట వెండిలా మెరుస్తుంది. సన్నని తీగ మొనను దాని మీద అక్కడా ఇక్కడా ఆనిస్తూ వెతకాలి. తొంభై చోట్ల ఏమీ ఉండదు. ఎక్కడో ఒక్క చోట మొన ఆనగానే చెవిలో విజయవాడ కేంద్రం పలుకుతుంది. బ్యాటరీ లేదు, కరెంటు లేదు. పెరట్లో కట్టిన తీగ తెచ్చిన శక్తి అంతే. ఊపిరి బిగబట్టుకుని వినాలి, బల్ల కదిలితే స్టేషను పోతుంది. నాకు అప్పుడు ఎనిమిదేళ్లు. నేను ఈ పనిలోకి రావడానికి కారణం ఆ మొన ఆనిన క్షణమే.

గోదారివాన

ఇంతకాలం చదువుతూ ఊరుకున్నాను. ఒక ప్రశ్న. అంత విలువైనదాన్ని ముందే పేటెంటు చేసి ఉంటే ఈ తగవే ఉండేది కాదు కదా? ఎందుకు చేయలేదు?

పాతపత్రికలు

ఆయనకు ఇష్టం లేదు. 1901 మే నెలలో లండను నుంచి రవీంద్రనాథ్ ఠాగూరుకు రాసిన ఉత్తరంలో ఒక సంఘటన చెప్పారు. ఒక పెద్ద టెలిగ్రాఫు కంపెనీ యజమాని పేటెంటు కాగితం చేత్తో పట్టుకుని వచ్చి, ఉపన్యాసంలో అన్నీ బయటపెట్టవద్దు, పేటెంటు నేను తీయిస్తాను, లాభంలో సగం నాది అని బతిమాలాడట. డబ్బు మీద ఆ దేశంలో ఉన్న ఆశ చూసి ఆయన మనసు చెదిరిపోయింది. ఆ వలలో ఒకసారి చిక్కితే బయటపడడం ఉండదని రాశారు. గెలీనా పేటెంటు కూడా వివేకానందుడి శిష్యురాళ్లు సిస్టర్ నివేదిత, సారా బుల్ పట్టుబట్టి తీయించినదే. వచ్చాక దాని మీద ఆయన ఒక్క పైసా సంపాదించలేదు.

మిల్లీమీటరు

ఇక్కడ నేను కొంచెం విభేదిస్తాను. పేటెంటు వద్దనడాన్ని మనం త్యాగంగా పొగుడుతాము. ఆయన ఉద్దేశం ఉన్నతమే, అనుమానం లేదు. కానీ ఆ పరికరాల వెనుక కలకత్తాలో ఒక కర్మాగారం పుట్టి ఉంటే, ఆ తగరపు పనివాడి లాంటివాళ్లు వంద మంది తయారై ఉంటే, మన దేశపు రేడియో చరిత్ర వేరుగా ఉండేది. విదేశాల నుంచి వచ్చే చిప్పుల కోసం నేడు ఎదురుచూసే ఇంజనీరుగా ఈ మాట చెబుతున్నాను. జ్ఞానాన్ని అందరికీ పంచవచ్చు, దాన్ని వస్తువుగా తయారుచేసే చేతులనూ కాపాడుకోవచ్చు.

చెరువుగట్టు మాస్టారు

బాబూ, 1901 కలకత్తాలో ఆ కర్మాగారానికి పెట్టుబడి ఎవరు పెట్టేవారు? సర్కారు ఆయనకు గది ఇవ్వడానికే వెనకాడింది. సొంతంగా పరిశోధనాలయం కట్టుకోవడానికి 1917 దాకా ఆగాల్సి వచ్చింది. మీ ఆవేదన సరైనదే కానీ అది ఆయన మీద మోపే నేరం కాదు.

మిల్లీమీటరు

నిజమే మాస్టారూ. ఆ మాట ఒప్పుకుంటాను.

గోదారివాన

అంత పట్టు సాధించిన రంగాన్ని వదిలి మొక్కల వైపు ఎందుకు వెళ్లిపోయారు?

పాతపత్రికలు

వదిలి వెళ్లినట్టు మనకు కనిపిస్తుంది. ఆయనకు అది ఒకే దారి. పసిగట్టే పరికరాలు అదేపనిగా వాడితే మందగిస్తున్నాయని, కాసేపు విశ్రాంతినిస్తే తేరుకుంటున్నాయని గమనించారు. అలసిన కండరాన్ని కొలిస్తే వచ్చే గీతలాగే ఈ లోహపు గీత కూడా ఉంది. అక్కడ నుంచి జీవమున్నదీ లేనిదీ స్పందించే తీరు మీదికి, ఆ తరువాత మొక్కల మీదికి దృష్టి వెళ్లింది. మొక్కల పని మీద వాదోపవాదాలు చాలా ఉన్నాయి, అది మరో చర్చ.

కలంకారి

ఇంతసేపూ ఒక పేరు ఎవరూ ఎత్తలేదు. ఆయన భార్య అబలా బోస్. కలకత్తా వైద్య కళాశాలలో ఆడపిల్లలకు ప్రవేశం లేదంటే, 1882లో బెంగాలు ప్రభుత్వ ఉపకార వేతనంతో మద్రాసు వచ్చి వైద్యం చదివారు. ఆరోగ్యం బాగులేక పూర్తి చేయలేకపోయారు. 1887లో పెళ్లి. అంటే ఆయన జీతం ముట్టని రోజుల్లో ఇల్లు నడిపింది ఆమె. తరువాత బెంగాలులో ఆడపిల్లల చదువు కోసం నారీ శిక్షా సమితి పెట్టారు. బడిగంట గారూ, బొమ్మ గీసింది అమ్మాయే అన్నారు కదా, ఆ అమ్మాయికి ఈ సంగతి చెప్పండి.

బడిగంట

అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. ఈ చర్చ మొత్తం తరగతిలో చదివి వినిపించాను. తూర్పుగాలి గారి మాట విని కొందరు చప్పట్లు కొట్టారు, పాతపత్రికలు గారి జవాబు విని అదే పిల్లలు ఆలోచనలో పడ్డారు. బోస్ తండ్రి ఆయన్ను ఇంగ్లీషు బడికి కాక ముందు బెంగాలీ బడికి పంపాడని, అక్కడ జాలరివాళ్ల పిల్లల పక్కన కూర్చుని చదివాడని నేను చెప్పాను. మాది సముద్రపు ఒడ్డు ఊరు. ఆ మాటకు వెనుక బెంచీల వైపు నుంచి "నిజమా టీచర్?" అని వినబడింది.

వాక్యాన్ని పిల్లలే కూర్చారు. నేను ఒక్క అక్షరం మార్చలేదు.

"జగదీశ్ చంద్ర బోస్ (1858–1937): 5 మిల్లీమీటర్ల రేడియో తరంగాన్ని తయారుచేసి, దాన్ని వెలుగులా వంచి, రాయితో పట్టుకున్నవాడు."

తూర్పుగాలి

నా మాట వెనక్కి తీసుకుంటున్నాను మేడమ్. ఇదే బాగుంది. మార్కోనీ పేరు లేకుండానే ఆయన నిలబడ్డాడు.

పాతరేడియో

రాయితో పట్టుకున్నవాడు! ఈ మాట మా కొట్లో రాసి పెట్టుకుంటాను.

అమ్మా, పల్నాడులో అగ్నిగుండాల దగ్గర బండ్లమోటు సీసపు గని ఉండేది. అక్కడి గెలీనా ముక్కలు నా దగ్గర రెండు ఉన్నాయి. ఒకటి మీ బడికి పంపుతాను. దానితో పాటు పాత హెడ్‌ఫోను కూడా. మామూలు ఇయర్‌ఫోను పనికిరాదు, ఎక్కువ నిరోధం ఉన్నదే కావాలి. పిల్లలకు ముందే చెప్పండి, రాయిని వేళ్లతో తాకకూడదు, జిడ్డు అంటుకుంటే స్టేషను దొరకదు. సీసం కాబట్టి పట్టుకున్నవాళ్లు చేతులు కడుక్కోవాలి. యాంటెన్నా తీగ వంద అడుగులకు తగ్గకుండా చూడండి. బడి మేడ మీద నుంచి వేపచెట్టుకు కట్టే వీలు ఉందా?

బడిగంట

వేపచెట్టు లేదండి, జెండా స్తంభం ఉంది. మేడ నుంచి దానికి కొలిచాము, 110 అడుగులు వచ్చింది.